గోల్ వెనక మా బావ

మా బావ నారాయణస్వామి చేతివేళ్ళు ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తాయి. పెళ్ళినాటి ఉంగరం ఏ వేలికీ ఎక్కదు. అందుకని దాన్ని గొలుసుకి గుచ్చి మెడలో వేసుకుంటాడు. గోల్‌కీపర్‌గా ఆడిన రోజుల్లో బంతి తగిలి విరిగిన వేళ్ళు కొన్ని, విరిగాక సరిగ్గా అతుక్కోనివి మరికొన్ని. మా అప్పని చూడ్డానికి వచ్చిన రోజున కూడా మధ్యవేలికి పెద్ద కట్టుతోనే వచ్చాడు. మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం. ఆ కట్టు చూసి మా మామ్మ, "అబ్బాయి కొట్లాటలకి ఎల్తాడేటి?" అని నిలదీసింది. "లేదు మామ్మా, బంతి ఆపుతాను" అన్నాడు బావ తల వంచుకుని. అవతలి గదిలో మా అప్ప సూరమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైపోయిందని మా అమ్మ చెబుతుండేది. రెండు జడలేసుకుని గుమ్మం పక్కన నిలబడి చూసిన నాకు మాత్రం అప్పకి ఎందుకూ పనికిరాని పెళ్ళికొడుకు దొరికాడనిపించింది. మరదలిని కదా, అప్పటినుంచి ఇప్పటిదాకా ఆయన్ని ఆటపట్టించే హక్కు నాదే.

మా తాతలు భీమిలి నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాళ్ళు. బావ వాళ్ళ తాతదీ ఆ ఒడ్డే. బావ ఇక్కడే సింగపూర్‌లో పుట్టి, సైన్స్ పార్క్‌లో ఓ పెద్ద ఆఫీసు భవనంలో ఏసీలు బాగుచేసే పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఆ పని ఆయన్ని బతికించింది. సాయంత్రాలు మాత్రం ఫుట్‌బాల్‌వి. కుర్రతనంలో హార్బర్ కార్మికుల జట్టుకి గోల్ కాశాడు. మోకాళ్ళు మొరాయించాక శిక్షణ పొంది, ఒక పాలిటెక్నిక్ కాలేజీ అమ్మాయిల జట్టుకి గోల్‌కీపింగ్ కోచ్ అయ్యాడు. పెద్ద కోచ్ మైదానం పక్కన నిలబడి అరుస్తుంటే, మా బావ గోల్ వల వెనక నిలబడి మెల్లగా మాట్లాడుతుంటాడు. ప్రాక్టీసులో గోల్ పడితే బంతి ఆయనే వంగి తీస్తాడు. "గోల్ పడ్డ పిల్ల వంగకూడదు. ఒంగిందంటే తల ఎత్తడానికి టైం పడతాది" అంటాడు. ఇంట్లో కింద పడ్డ చెంచా తియ్యమంటే మాత్రం నడుం నొప్పి.

ఆయన మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు, నోరు విప్పడు. దానికి తోడు మా అప్ప ఇంట్లో ఓ రూలు. బయల్దేరుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగితే వెళ్ళే పని చెడుతుందని మామ్మ చెప్పింది. ఊళ్ళో వాళ్ళు ఎప్పుడో వదిలేసి ఉంటారు గానీ, సముద్రం దాటి వచ్చిన మేం దాన్ని పట్టుకుని వేలాడుతున్నాం. పొరపాటున ఎవరైనా అడిగారా, బావ బూట్లు విప్పేసి, సోఫాలో కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి బయల్దేరతాడు. పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీకి కూడా ఈ సంగతి తెలుసు. లిఫ్ట్ దగ్గర ఆయన కనిపిస్తే చెయ్యూపి ఊరుకుంటుంది.

ఈ రూలు వల్ల ఏం జరిగిందో చెబుతాను.

మొన్న జనవరిలో కాలేజీ జట్టు పెద్ద కోచ్ రోస్లాన్ ఉద్యోగం మానేశాడు. ఒక ప్రొఫెషనల్ క్లబ్బువాళ్ళు కొత్తగా అమ్మాయిల జట్టు పెడుతూ ఆయన్ని పిలిచారు. ఆటగత్తెలకి నెలనెలా జీతం ఇచ్చే జట్టు అది. రోస్లాన్ బదులు కాలేజీకి విఘ్నేశ్వరన్ అనే కుర్ర కోచ్ వచ్చాడు. మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగువాడే. ఈ కబురు మాకు బావ చెప్పిందే. "కొత్త కోచ్ వచ్చాడు. మంచోడు" అని రెండు ముక్కలు చెప్పి పప్పన్నం కలుపుకున్నాడు. ఎప్పటిలాగే మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ట్రాక్‌సూట్ వేసుకుని, గ్లవ్స్ సంచి భుజాన వేసుకుని వెళ్ళేవాడు. ఎనిమిదింటికి చెమటతో తిరిగొచ్చేవాడు. "ప్రాక్టీసు ఎలా అయింది?" అని అప్ప అడిగేది. "బాగా అయింది" అనేవాడు. సంసారం సుఖంగా సాగిపోయింది.

ఏప్రిల్‌లో ఆయన పుట్టినరోజు గురువారం పడింది. నేను అదే బ్లాక్‌లో రెండు అంతస్తుల కింద ఉంటాను. "బావకి చెప్పకుండా గ్రౌండుకెళ్ళి పిల్లలందరికీ గారెలు పెడదాం" అన్నాను. మా అప్పకి హుషారు వచ్చేసింది. మధ్యాహ్నమంతా పప్పు రుబ్బి, పెద్ద డబ్బా నిండా గారెలు వేసింది. మా ఇంట్లో గారెల్లోకి కొబ్బరి చట్నీతో పాటు సంబల్, అంటే ఇక్కడి రొయ్యల కారం, ఉండాల్సిందే. బావ బయల్దేరిన గంటకి మేమిద్దరం టాక్సీలో వెనకే వెళ్ళాం.

గ్రౌండులో అమ్మాయిలు పరుగెడుతున్నారు. గోల్ వెనక ఎవరూ లేరు. మమ్మల్ని చూసి విఘ్నేశ్వరన్ దగ్గరికొచ్చాడు.

"గోల్‌కీపింగ్ నేర్పే మా ఆయన ఏరి బాబూ?" అంది అప్ప.

ఆ కుర్రాడు మెడలోని విజిల్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆంటీ, అంకుల్ జనవరి నుంచి రావట్లేదు. కాలేజీవాళ్ళు కోచ్‌లందరూ కొత్తవాళ్ళే కావాలన్నారు. నా గోల్‌కీపింగ్ కోచ్ నాతోపాటే వచ్చాడు. మీకు... అంకుల్ చెప్పలేదా?"

మా అప్ప మొహం పాలిపోయింది. ఆమె కంటే ముందు నాకు కోపం తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళు చేసిన మనిషిని ఒక్క మాటతో పంపేస్తారా అని నేను నోరు తెరిచేలోపు అప్ప నా మోచెయ్యి నొక్కింది. డబ్బా మూత తీసి, "తెచ్చిన తిండి ఎనక్కి తీసుకెళ్ళడం మా ఇంట్లో లేదు. పిల్లల్ని పిలువు, మకాన్ సెయ్యమను" అంది. ఇక్కడ తిండిని మకాన్ అంటాం. ఆట ఆపి అమ్మాయిలు గారెల మీద పడ్డారు. విఘ్నేశ్వరన్ కూడా సంబల్ నంజుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అది కారానికో, మొహమాటానికో నాకు తెలియదు.

టాక్సీలో నేను భగ్గుమన్నాను. "ఇంటికొచ్చాక నిలదీయ్ అప్పా!"

"పుట్టినరోజు పూట మొగుణ్ణి దొంగలా నిలబెట్టనా?" అంది. కాసేపయ్యాక గొంతు తగ్గించి, "అదికాదే తారా, వారానికి మూడు సార్లు ఈయన ఎక్కడికి ఎల్తున్నట్టు?" అంది.

"అదే అడుగు."

"ఎలా అడుగుతానే?"

అదీ మా అవస్థ. బయల్దేరేటప్పుడు అడగకూడదు. వచ్చాక అడిగితే ఏ సమాధానం వస్తుందోనని భయం. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన అబద్ధం చెప్పగా అప్ప వినలేదు. ఇప్పుడు వినాలని ఆమెకి లేదు. ఆ రాత్రి భోజనం దగ్గర బావ గాలి పీల్చి, "గారెల వాసన వస్తోందేటి?" అన్నాడట. "అయిపోనాయి" అని అప్ప పెరుగు గిన్నె ఠక్కున పెట్టిందట.

శనివారం మేం ఆయన్ని వెంబడించాం. గూఢచారులు నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటారు. మా అప్ప పసుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇదేమిటంటే, "ఆయన ఏ పరిస్థితిలో ఉన్నా నేను బాగుండాలి కదే" అంది. బిషాన్ స్టేషన్‌లో ఆయన ఎక్కిన పెట్టెకి పక్క పెట్టె ఎక్కాం. సరంగూన్‌లో రైలు మారాం. తలుపు అద్దంలోంచి చూస్తే మా బావ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో గాల్లో కనపడని బంతులు పట్టుకుంటున్నాడు. పక్కనున్న కాలేజీ కుర్రాడు భయపడి జరిగి కూర్చున్నాడు. ఆయన తల తిప్పి ఉంటే మేం దొరికిపోయేవాళ్ళం, కానీ బంతి తప్ప ఆయనకేదీ కనిపించదు.

సెంగ్‌కాంగ్‌లో దిగి, ఫ్లాట్ల మధ్య ఉన్న ఖాళీ మైదానానికి వెళ్ళాడు. అక్కడ ఒకమ్మాయి గ్లవ్స్ వేసుకుని సిద్ధంగా ఉంది. రెండు సంచులు గోల్ గుర్తులు. పక్కన బెంచీ మీద వాళ్ళమ్మ మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చుంది. అప్పుడు గుర్తుపట్టాను, కిందటేడు ఒక మ్యాచ్‌లో నాకు వీళ్ళిద్దరితో పరిచయమైంది. ఆ అమ్మాయి సుస్మిత, కాలేజీ జట్టు గోల్‌కీపర్. తల్లి పేరు భార్గవి, గుంటూరు నుంచి వచ్చి సైన్స్ పార్క్‌లో ఉద్యోగం చేస్తోంది. సుస్మిత స్కూల్లో చదివే రోజుల్లో అమ్మ ఆఫీసు లాబీలో కూర్చుని హోమ్‌వర్క్ చేసుకునేది. ఒకసారి బల్ల మీంచి జారిపోయిన కాఫీ కప్పుని నేల తగిలేలోపు ఎడంచేత్తో అందుకుంది. అప్పుడు నిచ్చెన మీద ఏసీ విప్పుతున్న మా బావ దిగొచ్చి, "అమ్మా, ఈ పిల్లని నాకు అప్పగించండి" అన్నాడట. ఎవరీ పెద్దమనిషి, పిచ్చివాడా అనుకుందట భార్గవి. అప్పటినుంచి సుస్మిత ఆయన శిష్యురాలే.

ఇదంతా నేను అప్పకి చెబుతుండగానే ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి మైదానం మధ్యలోంచి చరచరా నడిచేసింది. సరిగ్గా అప్పుడే బావ బంతి తన్నాడు. అది తిన్నగా పసుపచ్చ చీర మీదికి దూసుకొచ్చింది. నేను కెవ్వుమన్నాను. సుస్మిత ఒక్క దూకు దూకి, మా అప్ప ముక్కుకి జానెడు దూరంలో బంతిని గుండెకి హత్తుకుని గడ్డి మీద దొర్లింది.

"అలామక్!" అంది అప్ప, అమ్మ బాబోయ్ అన్నట్టు. వచ్చిన కోపం ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియలేదు.

బావ పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందేటి? నువ్వేంటి ఇక్కడ?"

"నన్నడుగుతారా? జనవరి నుంచి కాలేజీకి ఎల్లట్లేదంట కదా! ఒక్క మాట సెప్పారా?"

"మీరు అడగలేదు" అన్నాడు బావ.

"అడక్కూడదని కదండీ అడగలేదు!"

సుస్మితకి నవ్వు ఆగలేదు. బంతి వదిలేసి కడుపు పట్టుకుంది. భార్గవి నవ్వాలో వద్దో తెలియక మంచినీళ్ళ సీసా మా అప్ప చేతికిచ్చింది. నాకైతే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూణ్ణెల్లుగా ఈ మనిషి తన కష్టాన్ని భుజాన సంచితో పాటు మోసుకుంటూ రైళ్ళు మారి తిరుగుతుంటే, మేం పద్ధతి పాటిస్తున్నామనుకుని హాయిగా టీవీ చూశాం.

అందరం గడ్డి మీద కూర్చున్నాక బావ నోరు విప్పాడు. తీసేశారని చెబితే అప్ప కాలేజీ మీదికి యుద్ధానికి వెళ్తుందని, ఆ గొడవ పిల్ల మెడకి చుట్టుకుంటుందని చెప్పలేదట. కొత్త కోచ్‌లు సుస్మితకి కాళ్ళతో ఆడటం నేర్పుతున్నారు. ఈ రోజుల్లో గోల్‌కీపర్ బంతిని పట్టడమే కాదు, కాలితో ముందుకి అందించాలి. అది నేర్చుకునే తొందరలో సుస్మిత తడబడి రెండు గోల్స్ ఇచ్చేసింది. బెంచీ మీద కూర్చోబెట్టారు. దాంతో భయం పట్టుకుని చేతులు కూడా వణకడం మొదలెట్టాయి. కాలేజీలో గోల్‌కీపర్ల ప్రాక్టీసు ఇప్పుడు సోమ, బుధవారాలే. మిగతా రోజుల్లో వచ్చి నేర్పమని ఆయన్ని తనే అడిగింది.

"వచ్చే శనివారం రోస్లాన్ క్లబ్బు ఈ పిల్లని ఒక మ్యాచ్‌లో ఆడించి సూస్తాది" అన్నాడు బావ. "నచ్చితే ఆరోజే తీసుకుంటారు. ప్రొఫెషనల్ అయిపోద్ది. లేకపోతే వచ్చే నెల డిప్లొమా చేతికొచ్చాక ఆఫీసు ఉద్యోగం. నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరూ సదువు అయ్యాక గ్లవ్స్ బీరువాలో పెట్టేశారు సూరమ్మా. ఒక్కర్తి, ఒక్కర్తి అయినా గోల్ కాసి బతకాలని నా కోరిక."

ఆయన ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అప్ప కళ్ళొత్తుకుని, "మరైతే కూకున్నారేటి? లెండి, పిల్లకి నేర్పండి" అంది. ఆ వారం మంగళవారం, గురువారం మేం కూడా సెంగ్‌కాంగ్ వెళ్ళాం. నేను బంతులు ఏరాను. ఈ వయసులో ఎన్ని బంతులు ఏరించాడో ఆ భగవంతుడికే తెలుసు.

శనివారం వచ్చింది. క్లబ్బు మైదానంలో గట్టు మీద మేం, భార్గవి కూర్చున్నాం. కాసేపటికి విఘ్నేశ్వరన్ కూడా వచ్చి మా వెనక కూర్చున్నాడు. నేను తల తిప్పుకున్నాను. అప్ప మాత్రం సంచిలోంచి కరకరలాడే చక్రాలు తీసి అతనికి తినడానికి పెట్టింది. బావ ఎంత పిలిచినా గట్టు మీదికి రాలేదు. కంచె అవతల, గోల్ వెనక నిలబడ్డాడు.

మొదట్లోనే గోల్ పడింది. సుస్మిత చేతుల్లోంచి బంతి జారి వెనక్కి దొర్లిపోయింది. భార్గవి మొహం కప్పుకుంది. కంచె అవతల మా బావ ఏదో అన్నాడు. ఏమన్నాడో మాకు వినపడలేదు గానీ, సుస్మిత తలూపి గ్లవ్స్ బిగించుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల ఆట చూడాలి. కార్నర్ నుంచి ఎత్తుగా వచ్చిన బంతిని అందరి తలల మీంచీ లాక్కుంది. ఒంటరిగా దూసుకొచ్చిన అమ్మాయి కాళ్ళ మీద పడి బంతి లాగేసింది. మా అప్ప ప్రతిసారీ లేచి నిలబడి, వెనకవాళ్ళు కూర్చోమన్నా వినలేదు.

చివర్లో బంతి సుస్మిత కాళ్ళ దగ్గర ఆగింది. ఇద్దరు ఆమె మీదికి పరుగెత్తుకొస్తున్నారు. ఇదివరకైతే కంగారు పడేది. ఈసారి తల ఎత్తి చూసి, ఎడమ కాలితో బంతిని మైదానం సగం దాటించి తన జట్టు అమ్మాయికి అందించింది. ఆ అమ్మాయి గోల్ కొట్టేసింది. విఘ్నేశ్వరన్ ఎగిరి గంతేశాడు, చక్రాలన్నీ నా ఒళ్ళో పడ్డాయి. ఆట ముగిశాక బావ వచ్చి ఆ కుర్రాడి భుజం తట్టి, "ఆ కాలు మీది. నాకు రాదు ఆ విద్య" అన్నాడు. నాకు ఆ కుర్రాడి మీద కోపం అప్పుడు పోయింది.

రోస్లాన్ కాగితాలు పట్టుకుని మమ్మల్ని జట్టు బెంచీ దగ్గరికి పిలిచాడు. ఆయన మలయ్ మనిషి, ఇంగ్లీషులోనే మాట్లాడాడు. "సుస్మితా, నువ్వు కావాలి మాకు. లీగ్‌కి పేర్లు ఇవాళే పంపాలి. సంతకం పెట్టెయ్" అన్నాడు. భార్గవి కూతుర్ని గట్టిగా పట్టుకుంది. ఆ సంతోషంలో రోస్లాన్ బావ వైపు తిరిగి, "అంకుల్, ఇకనైనా వస్తారా? జనవరిలో రమ్మంటే, ఈ అమ్మాయికి కాలేజీలో ఇంకా కొన్ని నెలలుంది, మధ్యలో వదిలి రాలేనన్నారు కదా" అన్నాడు.

అంటే జీతమిచ్చే క్లబ్బు పిలిస్తే, ఈ పిల్ల కోసం వద్దన్నాడు. ఆ తర్వాత కాలేజీ ఈయన్నే వద్దంది. ఒకసారి కాదన్న చోటికి మళ్ళీ వెళ్ళి నిలబడలేక ఊరుకున్నాడు. ఆయన ఇంకా కాలేజీలోనే ఉన్నాడని రోస్లాన్ అనుకుంటున్నాడు.

సుస్మిత సంతకం పెట్టబోతున్న పెన్ను ఆపేసింది. "అంకుల్, ఈజ్ ఇట్ ట్రూ?"

"అవన్నీ ఇప్పుడెందుకు? సంతకం పెట్టు."

"నో లా. గురువు కంటే ముందు నేనెలా పెడతాను? మీరు ఫస్ట్." పెన్ను రోస్లాన్ చేతికిచ్చేసి, గడ్డి మీద చతికిలబడి గ్లవ్స్ విప్పడం మొదలెట్టింది.

బావకి కోపం వచ్చింది. ఆయన అరవడం నేను చూసింది అప్పుడే. "నీకు మతి పోయిందేటి? నాకు అరవై దాటింది. ఆ ఉద్యోగం ఎప్పుడో ఎవరికో ఇచ్చేసుంటారు. నా కోసం నీ ఆట పాడుసేసుకుంటావా? లే!"

సుస్మిత లేవలేదు. "అమ్మా, మాట వినవే" అని భార్గవి బతిమాలింది. విన్లేదు. రోస్లాన్ చేతిలో కాగితాలు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళ కష్టం ఈ మొండిపట్టుతో గంగలో కలిసిపోయేలా ఉంది.

అప్పుడు మా అప్ప బెంచీ వైపు చూసింది. రోస్లాన్ కుర్చీ పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంది. మ్యాచ్ అంతసేపూ అందులో ఎవరూ కూర్చోలేదు. మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. మా ఊళ్ళో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చోప్ చేశారని, అంటే ఆ చోటు ఒకరిదని అర్థం. ఎంత రద్దీగా ఉన్నా ఎవరూ దాన్ని ముట్టుకోరు.

"ఇది ఎవరి కోసం?" అని అప్ప తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

"గోల్‌కీపింగ్ కోచ్‌ది" అన్నాడు రోస్లాన్. "ఇంకా ఎవర్నీ పెట్టలేదు. అంకుల్ కోసం చోప్ చేసి ఉంచాను."

బావ ఆ కుర్చీని చూస్తూ నిలబడిపోయాడు. మా అప్ప టిష్యూ ప్యాకెట్ తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, చీర కొంగుతో కుర్చీ దులిపింది.

"కూకోండి" అంది.

మా బావ కూర్చున్నాడు. సుస్మిత ఒక్క గెంతులో గడ్డి మీంచి లేచి, "కోచ్, రెండు పెన్నులు!" అని అరిచింది.